ఇత్తడి సామాను కడిగే తిరుగుడు డ్రమ్ము: పని డైరీ

బల్ల మీద ఉన్న సరుకు: పాత తలుపుల మడత బందులు, గడియలు, సొరుగుల పిడులు, తాళం పలకలు, దీపపు స్టాండు భాగాలు, గుప్పెడు మరలు. మొత్తం 6.4 కిలోలు. చేత్తో తోమితే మూలల్లో నలుపు అలాగే మిగులుతుంది, అంచులు మాత్రం అరిగిపోతాయి. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు, నీళ్లు, సబ్బు, కాస్త నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వేసి డ్రమ్ములో తిప్పే పద్ధతి ఎంచుకున్నాను.

ఈ పద్ధతిని ఎక్కువగా వాడేది పేల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులను కడిగి మళ్లీ నింపుకునేవారు. నింపడం లైసెన్సులతో, చట్టాలతో ముడిపడిన వేరే పని, దాని జోలికి నేను పోవడం లేదు. కడగడం వరకు వాళ్ల లెక్కలు తలుపు సామానుకు కూడా చాలావరకు సరిపోతాయి. సరిపోని చోట్లు రెండున్నాయి. తూటా తొడుగులన్నీ ఒకే ఆకారం, ఒకే బరువు. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఇక్కడ ఐదు గ్రాముల మర పక్కన 400 గ్రాముల గడియ ఉంటుంది. పైగా లేతు మీద తిప్పి చేసిన ఇత్తడిలో రాగి 60 పాళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది, కోత సులువు కావడానికి 3 పాళ్ల దాకా సీసం కలుపుతారు. ఈ రెండు తేడాల వల్లే కింద రాసిన ఇబ్బందుల్లో సగం వచ్చాయి.

దశ 1: సరుకు వేరు చేయడం

1. ప్రతి ముక్కకూ అయస్కాంతం ఆనించాలి. అంటుకుంటే అది ఇనుము మీద వేసిన ఇత్తడి పూత. డ్రమ్ములో ఆ పూత ఊడిపోతుంది. పక్కన పెట్టాలి.
2. వెనకవైపు, కనబడని చోట ఆకురాయితో సన్నగా గీయాలి. గీతలో పసుపు కనిపిస్తే అసలు ఇత్తడి. తెల్లగా కనిపిస్తే జింకు పోత మీద పూత.
3. దూదిని అసిటోన్‌లో తడిపి రుద్దాలి. జిగురుగా, పసుపుగా అంటితే పైన లాకరు (మెరుపు నిలవడానికి పూసే పారదర్శకమైన పొర) ఉంది.
4. వంపుల దగ్గర, నొక్కి మడిచిన చోట్ల, పది రెట్ల భూతద్దంతో పగుళ్లు వెతకాలి.

నాలుగో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. ఇత్తడిని చల్లగా వంచినప్పుడు లోపల బిగువు మిగిలిపోతుంది. అలాంటి ఇత్తడికి అమ్మోనియా తగిలితే లోహం సన్నని గీతలుగా చీలుతుంది. 19వ శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాలను వర్షాకాలమంతా గుర్రపు శాలల్లో నిల్వ చేసేది. తర్వాత చూస్తే తొడుగులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, లోహంలోని బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. కారణాన్ని పూర్తిగా వివరించింది 1921లో. ఇత్తడికి మెరుగు పెట్టే ద్రవాలు కొన్నింట్లో ఇప్పటికీ అమ్మోనియా ఉంటుంది. ఘాటుగా ముక్కుకు తగిలే సీసా ఏదైనా ఈ పనికి వద్దు.

పిడుల్లో కొన్నింటి మెడ దగ్గర వెంట్రుక మందాన గీతలు కనిపించాయి. వాటిని డ్రమ్ములో వేస్తే విరగడం ఖాయం.

ఇప్పటివరకు లెక్క: పూత సరుకు 0.9 కిలో బయటికి. పగుళ్లున్నవి 0.3 కిలో బయటికి. పనికి మిగిలింది 5.2 కిలోలు. అందులో లాకరు ఉన్నవి 1.3, పచ్చ చిలుము గట్టిగా పట్టినవి 0.8.

ప్రతి మార్పు ఫలితం తెలియడానికి ఒకే బందుకు చెందిన రెండు రెక్కలను గుర్తు రెక్కలుగా పెట్టుకున్నాను. ఒకటి 112.40 గ్రాములు, రెండోది 109.76. తూకం 0.01 గ్రాము వరకు చూపించాలి, వంటింటి తూకంతో ఈ తేడాలు కనబడవు.

దశ 2: డ్రమ్ము

బయటి వ్యాసం 160 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 152 ఉన్న పీవీసీ గొట్టం, 300 మిల్లీమీటర్ల ముక్క. లోపల 5.4 లీటర్లు పడుతుంది. ఒక కొసకు మూత అతికించాను, రెండో కొసకు క్లాంపుతో బిగించే రబ్బరు మూత. మొదట పెట్టినది మర ఉన్న ప్లాస్టిక్ మూత. మర సందుల్లో పిన్నులు దూరి వాషరును కోశాయి, నీళ్లు కారాయి. రబ్బరు మూతలో మర లేదు, ఇరుక్కునే సందూ లేదు. అది ఉబ్బితే బయటికి కనిపించడం మరో లాభం, దశ 6లో పనికొచ్చింది.

నున్నని గొట్టం లోపల సరుకు దొర్లదు. మొత్తం ముద్దగా కాస్త పైకెక్కి, జర్రున కిందికి జారుతుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకపోతే రాపిడి లేదు, రాపిడి లేకపోతే శుభ్రం లేదు. లోపల పొడవునా మూడు పీవీసీ బద్దలు, 12 మిల్లీమీటర్ల ఎత్తున, సమాన దూరంలో అతికించాను. బద్దల కొసలు మూతలను తాకేలా ఉండాలి. 5 మిల్లీమీటర్ల సందు వదిలితే అందులో మరలు చిక్కుకుంటున్నాయి.

దశ 3: వేగం

ఎక్కువ కాలం తిన్నది ఈ దశే.

డ్రమ్ము రెండు రోలర్ల మీద కూర్చుంటుంది. రోలరు అంటే ఇనుప కడ్డీకి రబ్బరు గొట్టం తొడిగి 20 మిల్లీమీటర్ల వ్యాసానికి తెచ్చినది, రెండు కొసలా బేరింగులు. ఒక రోలరును బెల్టుతో మోటారు తిప్పుతుంది. మోటారు నిమిషానికి 1440 చుట్లు. మోటారుకు 50 మిల్లీమీటర్ల పుల్లీ, రోలరుకు 75 మిల్లీమీటర్ల పుల్లీ పెట్టినప్పుడు:

రోలరు: 1440 × 50 ÷ 75 = 960 చుట్లు
డ్రమ్ము: 960 × 20 ÷ 160 = 120 చుట్లు

గంటసేపు తిప్పాక తెరిస్తే సరుకు ఎలా వేశామో అలాగే ఉంది. తిరుగుతున్నంతసేపూ లోపలి నుంచి చప్పుడే లేదు, అసలు అనుమానం రావాల్సింది అక్కడే. అంత వేగంలో సరుకంతా డ్రమ్ము గోడకు అతుక్కుని దానితో పాటే తిరుగుతుంది. ఏ డ్రమ్ముకైనా ఈ అతుక్కునే వేగం లెక్క ఒకటే: డ్రమ్ము లోపలి వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 42.3ను భాగించాలి. 0.152కు వర్గమూలం 0.39. జవాబు 108 చుట్లు. మనం తిప్పింది 120. బరువు ఎంత వేసినా ఈ అంకె మారదు, వ్యాసం మారితేనే మారుతుంది. ఖనిజాన్ని పొడిచేసే బాల్ మిల్లుల వంటి పెద్ద డ్రమ్ములకూ ఇదే లెక్క.

సుతిమెత్తని రాపిడి కావాలంటే ఆ హద్దులో సగం నుంచి 60 శాతం దాకా చాలు. రోలరు పుల్లీని 150 మిల్లీమీటర్లకు మార్చాను:

రోలరు: 1440 × 50 ÷ 150 = 480
డ్రమ్ము: 480 ÷ 8 = 60

కాగితం మీద 60. డ్రమ్ము మీద తెల్ల టేపు ముక్క అంటించి గడియారం పెట్టి చూస్తే 30 చుట్లకు 33 సెకన్లు, అంటే నిమిషానికి 54.5. రబ్బరు మీద జారుడు, బరువుకు మోటారు కాస్త నెమ్మదించడం, రెండూ కలిసి ఆ తేడా తెచ్చాయి. హద్దులో సరిగ్గా సగం కాబట్టి అలాగే ఉంచేశాను. ఇప్పుడు లోపలి నుంచి గులకరాళ్ల మీద అల వెనక్కి లాగుతున్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆగకుండా, ఒకే తీరులో వినిపించాలి. దడదడమని విరిగి విరిగి వస్తే సరుకు తక్కువైందని, మెత్తగా మూగబోతే నురుగు ఎక్కువైందని అర్థం.

ఇంకో చిక్కు: డ్రమ్ము మెల్లగా ఒక పక్కకు నడుస్తుంది. రోలర్లు రెండూ ఎంత సమాంతరంగా పెట్టినా వెంట్రుక వాసి తేడా ఉంటుంది, గంటలో డ్రమ్ము చట్రానికి ఒరుసుకుంటుంది. రెండు కొసలా ఒక్కో పాత బేరింగును అడ్డంగా బిగిస్తే అంచు దానికి తగిలి తిరుగుతుంది, గోడ అరగదు.

కరెంటు విషయం చివరికి వాయిదా వేయకూడదు. నీళ్ల డ్రమ్ము పక్కనే మోటారు ఉంటుంది కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు లేకుండా ప్లగ్గు పెట్టవద్దు. మోటారును డ్రమ్ము కంటే ఎత్తులో, మధ్యలో రేకు అడ్డం పెట్టి బిగించాలి. మూత కారితే నీళ్లు కిందికే పోవాలి.

దశ 4: పిన్నులు

304 రకం స్టెయిన్‌లెస్ పిన్నులు, 1.2 మిల్లీమీటర్ల మందం, 6 మిల్లీమీటర్ల పొడవు, 2 కిలోలు. కొత్త పిన్నుల కొసలు కోసిన చోట వాడిగా ఉంటాయి. సరుకుతో కలిపి తిప్పితే మెరుపు బదులు గీతలు వస్తాయి. ముందుగా పిన్నులు, నీళ్లు, సబ్బు మాత్రమే వేసి రెండు గంటలు తిప్పాలి. నీళ్లు బూడిద రంగులో, నూనె తెట్టుతో వచ్చాయి. ఆ తర్వాత పిన్ను కొసను గోటి మీద లాగితే గీరుకోదు.

అసలు తలనొప్పి పిన్నులు రంధ్రాల్లో ఇరుక్కోవడం. ఒక పిన్ను సులువుగా పట్టే రంధ్రంతో బాధ లేదు, దూరుతుంది, బయటికి వస్తుంది. పిన్ను మందానికి రెండింతలకు దగ్గరగా ఉన్న రంధ్రమే ప్రమాదం. 2.4 మిల్లీమీటర్ల రంధ్రంలో రెండు పిన్నులు పక్కపక్కన దూరి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. తాళం పలకల మీద సరిగ్గా ఆ కొలత రంధ్రాలే ఉన్నాయి. సూది, పలచని పట్టకారు పట్టుకుని ఒక్కొక్కటీ లాగడం కడగడం కంటే పెద్ద పని అయింది.

మార్పులు:

1. వెర్నియర్ కాలిపర్స్‌తో రంధ్రాలు కొలిచి, 2.2 నుంచి 2.6 మధ్య ఉన్నవాటిలో నైలాన్ దారం ముక్క దూర్చి రెండు వైపులా ముడి వేశాను. దారం పిన్నులను ఆపుతుంది, నీళ్లను ఆపదు.
2. మర ఉన్న రంధ్రాలకు వాటి మరలనే నాలుగు చుట్లు ఎక్కించి ఉంచాను.
3. బయటికి కనిపించే మరల మీద నట్టు బిగించాను. దశ 5లో మూడు గంటలు తిరిగిన ఒక గడియ మర పళ్లు ఢీలు తిని మొద్దుబారి, నట్టు రెండు చుట్ల తర్వాత పట్టేసింది. దాన్ని డై (మర పళ్లు కోసే పనిముట్టు) పెట్టి సరిచేయాల్సి వచ్చింది.
4. 150 గ్రాములు దాటిన ముక్కలను చిన్నవాటితో కలపడం మానేశాను. పెద్ద గడియ మీద పడిన పిడికి నొక్కులు పడతాయి, నొక్కును ఏ మెరుగూ తీయదు.

పిన్నులను వేరు చేయడానికి బకెట్టు నీళ్లలో 4 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ ముంచి, సరుకును అందులో వేసి నీళ్ల అడుగున ఊపాలి. గాలిలో ఊపితే తడి పిన్నులు ముక్కలకు అతుక్కుంటాయి, నీళ్లలో వాటంతటవే రాలిపోతాయి. 304 రకానికి అయస్కాంతం అంటదని చెబుతారు గానీ, తీగగా సాగదీసిన తర్వాత ఆ ఉక్కుకు కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. గట్టి అయస్కాంతానికి ప్లాస్టిక్ సంచి తొడిగి నేల మీద తిప్పితే చెల్లాచెదురైనవి చాలావరకు దొరుకుతాయి.

దశ 5: నీళ్లు, సబ్బు, నిమ్మ ఉప్పు

ఒకసారికి ఒక్క అంశమే మార్చాను. నీళ్లు 2 లీటర్లు, పిన్నులు 2 కిలోలు.

సబ్బు మాత్రమే, రెండు గంటలు. జిడ్డు పోయింది, దుమ్ము పోయింది, గోధుమ రంగు మాత్రం అలాగే ఉంది. గుర్తు రెక్క 112.40 నుంచి 112.31కి తగ్గింది. తగ్గిన 0.09 గ్రాము మురికిదే అనుకోవచ్చు.

సబ్బు, లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు, మూడు గంటలు. రెక్క 111.84కు పడిపోయింది, అంటే ఈసారి కరిగింది 0.47 గ్రాము. రంగు గులాబీ. బంగారు పసుపు రావాల్సిన చోట కొత్త రాగి చెంబు రంగు. అన్నిటికంటే ఎర్రబడినవి ఇంకా విడదీయని మడత బందులు.

కారణాలు రెండు. మొదటిది, ఆమ్లంలో ఇత్తడిలోని జింకు రాగి కంటే ముందు కరిగిపోతుంది, పైన రాగి ఎక్కువున్న పలచని పొర మిగులుతుంది. రెండోది ఇంకా త్వరగా జరిగేది: కరిగిన రాగి నీళ్లలో ఉండగా ఎక్కడైనా ఇనుము తగిలితే, ఇనుము కరుగుతూ రాగిని మళ్లీ లోహంగా బయటికి రప్పిస్తుంది. ఆ రాగి ఇనుము మీద, దానికి ఆనుకున్న ఇత్తడి మీద పూతగా కూర్చుంటుంది. ఇక్కడ ఇనుము ఎక్కడిదంటే, మడత బందు రెక్కలు ఇత్తడివే, మధ్య కడ్డీ మాత్రం ఇనుపది. దశ 1లో అయస్కాంతాన్ని రెక్కకు ఆనించాం, కడ్డీకి కాదు. మీరు చేసేటప్పుడు కడ్డీకి కూడా ఆనించండి. ఇనుపది అయితే తట్టి బయటికి తీశాకే డ్రమ్ములో వేయండి. స్టెయిన్‌లెస్ పిన్నుల వల్ల ఈ బెడద లేదు, వాటి మీదున్న క్రోమియం ఆక్సైడు పొర వాటిని కాపాడుతుంది.

సబ్బు, లీటరుకు 1 గ్రాము నిమ్మ ఉప్పు, రెండు గంటలు. కడ్డీలన్నీ బయటికి తీశాక రెండో గుర్తు రెక్కతో చేసినది. 109.76 నుంచి 109.58. మురికితో కలిపి పోయింది 0.18 గ్రాము. రంగు లేత పసుపు, మూలల్లో కూడా. ఇదే ఖాయం చేశాను.

ఆమ్లం ఎక్కువైతే పని త్వరగా అవుతుందని నమ్మేవారు పీహెచ్ కాగితం (ఆమ్లం బలాన్ని రంగుతో చూపేది, అంకె తగ్గేకొద్దీ బలం ఎక్కువ) చూసి మోసపోయే వీలుంది. లీటరుకు 20 గ్రాముల నీళ్లు కాగితం మీద 2 దగ్గర, 1 గ్రాము నీళ్లు 3 దగ్గర చూపిస్తాయి. అంకెల్లో తేడా ఒకటే. నిల్వలో తేడా ఇరవై రెట్లు. తక్కువ వేసినప్పుడు పైనున్న మకిలి కరిగేసరికి ఆమ్లం బలం చాలావరకు చెల్లిపోతుంది, లోహాన్ని తినే ఓపిక ఉండదు. ఎక్కువ వేస్తే మకిలి అయిపోయాక కూడా తింటూనే ఉంటుంది. మిగతా పని పిన్నులు చూసుకుంటాయి. నిమ్మ ఉప్పును తూచే వేయండి, చెంచా కొలత వద్దు. గడ్డకట్టిన పొడికీ మెత్తని పొడికీ చెంచాలో బరువు ఒకటి కాదు.

సబ్బు విషయంలో కూడా పొదుపే మేలు. గిన్నెలు తోమే ద్రవం 2 లీటర్లకు ఒక చిన్న చెంచా. మూడు చెంచాలు వేసినప్పుడు డ్రమ్ము నిండా నురుగు పట్టి చప్పుడు మూగబోయింది. నురుగు మెత్తగా పట్టుకుంటే పిన్నులు తగలవు.

డ్రమ్ము నిండుదల: నీళ్లు 2 లీటర్లు, పిన్నులు పావు లీటరు చోటు, 1.2 కిలోల ఇత్తడి 0.14 లీటరు. మొత్తం 2.4 లీటర్లు, సగానికి కాస్త తక్కువ. అంతకంటే నింపితే దొర్లడానికి చోటుండదు.

ఇప్పటివరకు లెక్క: శుభ్రమైనవి 2.5 కిలోలు. గులాబీ రంగు తిరిగి మరమ్మతుకు ఆగినవి 0.6. మిగిలినవి 2.1: చిలుము పట్టినవి 0.8, లాకరువి 1.3.

దశ 6: చిలుము ఉన్నవి, గ్యాసు

పచ్చ చిలుములో చాలా భాగం రాగి కార్బొనేటు. ఆమ్లం తగిలితే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. ఒక గ్రాము చిలుముకు దాదాపు 110 మిల్లీలీటర్లు. డ్రమ్ములో ఖాళీ 3 లీటర్లే, మూత గట్టిగా బిగించి ఉంటుంది. తిప్పడం మొదలుపెట్టిన పావుగంటకు రబ్బరు మూత మధ్యలో అరచేయంత ఉబ్బు తేలింది. ఆపి, మూతను గోడ వైపు తిప్పి క్లాంపు వదులు చేస్తే బుస్సుమని చిమ్మింది. ప్లాస్టిక్ మూత ఉంటే ఆ ఉబ్బు కనబడేది కాదు.

మార్చిన వరస:

1. చిలుము ముక్కలను మూత లేని ప్లాస్టిక్ బకెట్టులో, లీటరుకు 5 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టాలి. లోహపు బకెట్టు వద్దు.
2. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఉంచి వెంటనే తీయాలి. రాత్రంతా వదిలేస్తే మళ్లీ గులాబీ రంగే.
3. మంచి నీళ్లతో కడిగి, వెదురు పుల్లతో గుంటల్లోని మెత్తబడిన పచ్చదనం గీకాలి.
4. తర్వాతే డ్రమ్ము, మూడు గంటలు. మొదటి పావుగంట తర్వాత ఒకసారి మూత వదులు చేసి చూడాలి.

చిలుము కింద గుంటలు తేలిన చోట మెరుపు వచ్చినా గుంట పోలేదు, పోదు. అక్కడ లోహమే లేదు.

లాకరు ఉన్నవాటి సంగతి సులువు: అసిటోన్‌లో తడిపిన గుడ్డలో చుట్టి, మూత ఉన్న గాజు సీసాలో అరగంట, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా. తర్వాత గుడ్డతో తుడిస్తే పొర ఊడుతుంది. ఆరబెట్టి మామూలు పద్ధతిలో రెండు గంటలు.

దశ 7: కడిగి ఆరబెట్టడం

డ్రమ్ములోంచి వచ్చినప్పుడు అద్భుతంగా ఉంటాయి. అరగంటలో మచ్చలు పడతాయి. ఉప్పు నీటి చుక్క ఆరిన చోట తెల్ల వలయం, ఆమ్లం మిగిలిన చోట గోధుమ మచ్చ, వేలిముద్ర ఉన్న చోట వేలిముద్ర. చేతి తొడుగులు లేకుండా పట్టుకున్న పిడి మీద మర్నాటికి బొటనవేలి గీతలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి.

నిలబడిన వరస ఇది: రెండుసార్లు మంచి నీళ్లు, ఒకసారి లీటరుకు ఒక చెంచా వంటసోడా కలిపిన నీళ్లు, మళ్లీ మంచి నీళ్లు, చివరగా డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీయడం. వెంటనే నూలు తువ్వాలులో దొర్లించి, 70 డిగ్రీల వేడిలో గంట. ఆ వేడికి ఇత్తడి గట్టిదనం ఏమీ మారదు. తిండి వండే ఓవెన్ మాత్రం వాడవద్దు, ఈ ఇత్తడిలో సీసం ఉందని మరచిపోకూడదు.

ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి గుడ్డతో రుద్దాను. పోలిక కోసం ఒక పిడికి మైనం రాయకుండా అదే అరలో ఉంచితే, మైనం ఉన్నవి మారకముందే అది మసకబారింది.

దశ 8: గులాబీవాటి మరమ్మతు

0.6 కిలో. మళ్లీ డ్రమ్ములో తిప్పితే రంగు కాస్త తగ్గింది గానీ పోలేదు. పనిచేసింది ఇది: లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లు, అంతే కొలత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, వెడల్పాటి గాజు పళ్లెంలో. ముక్క వేయగానే సన్నని బుడగలు. కొన్ని నిమిషాల్లో రాగి పూత కరిగి పసుపు బయటపడుతుంది. కనిపించగానే తీసి కడగాలి, వదిలేస్తే ఇత్తడినే తింటుంది. కంటి అద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఈ ద్రవాన్ని డ్రమ్ములోగానీ మూత ఉన్న దేనిలోగానీ పోయకూడదు. నీళ్లలోని రాగి పెరాక్సైడ్‌ను వేగంగా విడగొడుతుంది, ఆక్సిజన్ వస్తుంది, మూత ఉంటే పేలుతుంది. మిగిలినదాన్ని సీసాలో దాచుకోవడం కూడా అలాంటిదే.

పసుపు వచ్చాక కాస్త మసకగా ఉంటాయి. సబ్బు నీళ్లు మాత్రమే వేసి అరగంట తిప్పితే మెరుపు తిరిగి వచ్చింది.

దశ 9: మురికి నీళ్లు

ఆ నీళ్లలో రాగి ఉంది, కొంత సీసం ఉంది. రాగి చాలా తక్కువ మోతాదులో కూడా చేపలకు, నాచుకు విషం. మొక్కలకు పోయకూడదు, కాలువలోకి వదలకూడదు. చాకలి సోడా వేస్తే రాగి అడుగుకు దిగుతుందనుకుంటే, నిమ్మ ఉప్పు రాగిని గట్టిగా పట్టి ఉంచుతుంది, నీళ్లు నీలంగానే మిగిలిపోతాయి. అందుకే వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టెలో ఎండకు పెట్టి ఇగరబెడుతున్నాను. పిల్లలు, జంతువులు చేరని చోట, పైన వల కప్పి. అడుగున మిగిలే పొడిని మూత ఉన్న డబ్బాలో పోసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. కడిగిన మొదటి రెండు నీళ్లు కూడా ఈ తొట్టెలోకే.

మొత్తం లెక్క

శుభ్రమైన ఇత్తడి: 5.2 కిలోలు
మోటారు తిరిగినది: అన్ని ప్రయత్నాలతో కలిపి సుమారు 23 గంటలు, మీటరు మీద 70 వాట్లు, అంటే 1.6 యూనిట్లు
డ్రమ్ముకు, నానబెట్టడానికి కలిపి నిమ్మ ఉప్పు: 64 గ్రాములు, అందులో 40 గ్రాములు గులాబీ రంగు తెచ్చిన ఒక్క విడతకే పోయాయి
మారినవి: మూత, రోలరు పుల్లీ
పాడైనవి: ఒక వాషరు, ఒక మర పళ్లు, నొక్కులు పడిన పిడులు

కొత్తగా మొదలుపెట్టేవారు నేరుగా ఈ అంకెలతో ప్రారంభించవచ్చు: లోపలి వ్యాసం 152 మిల్లీమీటర్ల డ్రమ్ము, మూడు బద్దలు, నిమిషానికి 54 చుట్లు, పిన్నులు 2 కిలోలు, ఇత్తడి 1.2 కిలోలకు మించకుండా, నీళ్లు 2 లీటర్లు, నిమ్మ ఉప్పు 2 గ్రాములు, సబ్బు ఒక చిన్న చెంచా, రెండు గంటలు. డ్రమ్ము వ్యాసం వేరైతే ముందు వేగం లెక్క మళ్లీ కట్టుకోండి.

పగుళ్లున్న 0.3 కిలో అలాగే ఉంది, దాన్ని చేత్తోనే తుడుస్తాను. రోలరు రబ్బరు 20 నుంచి 19.2 మిల్లీమీటర్లకు అరిగింది, డ్రమ్ము వేగం 52కు తగ్గింది. 19 దాకా వచ్చాక గొట్టం మారుస్తాను, ఈసారి కాస్త మందమైనది వేసి వేగం మళ్లీ టేపు ముక్కతో కొలవాలి.